ఉప్పు పట్టిన హార్డ్ డిస్కు

మా నాన్నను మహనీయుణ్ణి చేశారని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. చేసింది పగవాళ్ళు కాదు, మా పాలెం చరిత్ర పుస్తకం వేస్తున్న కమిటీవాళ్ళు. అచ్చుకు పోబోయే కాగితాలు తెచ్చి, "నువ్వు పుస్తకాలు రాసినోడివి గదనా, తప్పులుంటే దిద్దిపెట్టు" అని కమిటీ అధ్యక్షుడు శ్రీనివాసులే స్వయంగా చేతికిచ్చాడు. ఆరో తరగతి మధ్యలో బడి వదిలేసినవాణ్ణి తప్పులు దిద్దమనడం మా ఊళ్ళోనే చెల్లుతుంది. చదువుకుంటూ పోతే ఒకచోట మా నాన్న ఎదురయ్యాడు. 'అలివి వల లాగునపుడు గంగమ్మ తల్లిపై భక్తిగీతములు ఆలపించి, మత్స్యకారులలో క్రమశిక్షణ నెలకొల్పిన మహనీయుడు' అట. మా నాన్న! జాతరలో పూజారిని నవ్వించి హారతి పళ్ళెం వణికించిన మనిషి. క్రమశిక్షణ అన్న మాట ఆయన ముందు ఎవరైనా పలికి ఉంటే, అదేం చేప, ముళ్ళు ఎక్కువుంటాయా అని అడిగి ఉండేవాడు.

"శీనయ్యా, ఇది తప్పు. మా నాన్న పాడింది భక్తి కాదు, వెక్కిరింపు. అందులోనూ పెద్ద వాటా మీ తాతదే" అన్నాను.

శ్రీనివాసులు నవ్వాడు. మంచివాడే, హార్బరులో ఐసు వ్యాపారం చేస్తాడు, ఎవరితోనూ తగాదా పెట్టుకోడు. "నీ మాట ఎవరు నమ్ముతారు అనా? పెళ్ళిలో మైకు పట్టుకొని, పెళ్ళికొడుకు పారిపోయినాడని చెప్పి మామగారిని రోడ్డు మీద పరిగెత్తించినోడివి. ఇది గూడా నువ్వే కట్టుంటావ్" అన్నాడు.

అన్యాయం ఏమిటంటే ఆ పెళ్ళి సంగతి నిజం. నలభై ఏళ్ళు మైకుసెట్టు అద్దెకిచ్చి బతికినవాణ్ణి. చేతిలో మైకుంటే నోరు ఊరుకునేది కాదు. ఆ నోటితోనే తరవాత నాలుగు పుస్తకాలు రాశాను, జనం నవ్వారు. జీవితమంతా నవ్వించినందుకు చివరికి పడిన శిక్ష ఇదీ, నిజం చెప్పినా జోకే అనుకుంటారు. ఆనాడు నాన్నతో వల తాడు పట్టినవాళ్ళలో సాక్ష్యానికి రాగలవాళ్ళు ఎవరూ మిగల్లేదు. "నా మాట కాదబ్బా, మా నాన్న గొంతే ఉంది. కంప్యూటర్లో పట్టి పెట్టినా" అన్నాను. "అయితే వినిపించు. అచ్చుకు పోయేలోగా వినిపిస్తే ఆ వాక్యం తీసేస్తా" అన్నాడు. అంత ధీమాగా ఎందుకన్నాడంటే, మా ఇంట్లో కంప్యూటరు పాతసామాన్లవాడి బండెక్కి ఎన్నాళ్ళయిందో వాడికీ తెలుసు.

బండెక్కింది పెట్టె మాత్రమే. లోపలి హార్డ్ డిస్కును నేను ముందే ఊడదీసి మా ఆవిడ రమణమ్మ చేతికిచ్చి, జాగ్రత్త అన్నాను. రమణమ్మకు జాగ్రత్త అని చెప్పడం నేను చేసిన తప్పు. అడిగితే తడుముకోకుండా వెళ్ళి అటక మీంచి ఎండుచేపల డబ్బా దింపింది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా మా ఇంట్లో విలువైనవన్నీ అందులోకే పోతాయి, దాని మూత అంత బిగుతు. రేషను కార్డు, ఆమె పుస్తెల తాడు, వాటి పక్కన గుడ్డలో చుట్టిన నా హార్డ్ డిస్కు. గుడ్డ విప్పితే గుప్పెడు రాళ్ళ ఉప్పు జలజలా రాలింది.

"ఉప్పెందుకే?" అన్నాను.

"చెమ్మ పట్టకుండా. ఉప్పు లేకుండా ఏదన్నా ఆగుతుందా మన ఇళ్ళల్లో?"

"ఇదేమన్నా మాగ చేపా?"

"నువ్వు దాచమన్నావు, దాచినా. వండమంటే వండేదాన్ని" అంది.

ఆమెను ఏమనగలను? మా అమ్మా అంతే. సముద్రపు గాలికి ఇనుము పొరలు పొరలుగా ఊడిపోయే చోట, కాలానికి ఎదురు నిలిచింది మాకు తెలిసి ఉప్పు ఒక్కటే. మా చిన్నప్పటి గుడిసెలో ఒక మూల ఉప్పు జాడీ, దాని మీద తిరగేసిన మూకుడు. అందులో చింతపండు ముద్ద, వాన రోజులకని ఎండు నెత్తళ్ళు, అమ్మ ముక్కుపుడక. నేను బడి మానేసిన రోజు అయ్యవారు ఇచ్చిన కాగితాన్ని కూడా అమ్మ మడిచి అందులోనే పెట్టింది, ఎప్పటికైనా మళ్ళీ వెళ్తాననే ఆశతో. వానాకాలం దాటేసరికి దాని మీద అక్షరం లేదు. నా చదువు నిజంగానే ఊరగాయ అయిపోయిందని నాన్న నవ్వాడు. అమ్మ మూడు రోజులు ఆయనకు పెరుగు వెయ్యలేదు.

సాయంత్రాలు అమ్మ గుడిసె ముందు పీట వేసుకుని కూర్చునేది. చేపను వీపు మీంచి చీల్చి, పేగులు తీసి, ఉప్పు దట్టించి, పక్కకు పేర్చేది. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉండేవి. ఆ వాసన పరాయివాళ్ళకు కంపు, మాకది ఇంట్లో పని ఉందని, రేపటికి కూడు ఉందని చెప్పే వాసన. ఆ చీల్చే ఊపులోనే అమ్మ నోటి నుంచి పాటలు పుట్టేవి. ఒక చరణం ఆమె విసిరేది, పక్కన వల కుట్టుకుంటున్న నాన్న దాన్ని తాడు లాగే ఊపుకు సరిచేసుకునేవాడు. "ఆ మాట బరువైంది, తాడు తెగుద్ది, ఇంకోటి చెప్పు" అనేవాడు. "నీకు ఊపిరి లేక మాటనంటావా" అనేది అమ్మ. ఎవరి మీద కడుతున్నారో వినపడకుండా ఇద్దరూ గొంతు తగ్గించేవాళ్ళు, తరవాత ఆపుకోలేక ఒకేసారి నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళు అలా నవ్వుతారని నేను మా గుడిసెలోనే చూశాను. బళ్ళో ఎప్పుడూ చూడలేదు. బడి మానడానికి అదీ ఒక కారణమని ఇప్పుడు అంటే, చదువు రానివాడు చెప్పే సాకని మీరంటారు. అనండి.

డిస్కు తీసుకుని ముందు కావలి వెళ్ళాను. అక్కడ ఒక షాపులో కుర్చీలోంచి లేవకుండానే తీగ తగిలించి చూసి, "పోయింది సార్, పారేయండి, కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్త దాంట్లో మా నాన్న ఉంటాడా అని అడిగాను. జోకనుకుని నవ్వారు. నెల్లూరు బస్సెక్కాను.

నెల్లూర్లో చర్చి వెనక సందులో ఎస్తేరు అనే ఆవిడ షాపు ఉంది. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర ఉంటుంది, ఎదుటివాడు ఎంత నవ్వించినా పని ముగిసేదాకా నవ్వదు. డిస్కును చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "ఏందన్నా ఇది, చేపల పులుసులో పడిందా?" అంది. రమణమ్మ జాగ్రత్త గురించి, కావలి షాపు గురించి చెప్పాను. "సరే. కింద పడిందా ఎప్పుడైనా?" లేదన్నాను. "కరెంటు హెచ్చుతగ్గులకు కాలిందా?" లేదన్నాను. "కావలిలో ఎన్నిసార్లు ఆన్ చేసినారు?" రెండుసార్లన్నాను. డాక్టరు దగ్గర ముసలాడిలా ఒక్కోదానికీ జవాబు చెప్పుకుంటూ పోయాను.

కరెంటిచ్చింది. నాకక్కడ నా విద్య చూపించాలనిపించింది. నాన్న సముద్రంలో తెడ్డును నీళ్ళలోకి నిలువుగా దించి, పిడికి చెవి ఆనించి వినేవాడు. గొరక చేపలు గుంపుగా ఉంటే కింద టకటకమని మోత వస్తుంది, చెక్కలోంచి చెవికి ఎక్కుతుంది. నాకూ నేర్పాడు. ఎస్తేరు బల్ల మీది చెక్క స్కేలు తీసుకుని ఒక కొన డిస్కుకు, ఒక కొన చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాను. "గరగరమంటుందమ్మా. మోటారు పోయింది" అని తేల్చాను.

"అది నా కంప్యూటరు ఫ్యాను మోతన్నా. డిస్కు ఇంకా తిరగనేలేదు" అంది ఎస్తేరు.

నాన్న ఉంటే ఆ రాత్రి పాట నా మీదే కట్టి ఉండేవాడు.

తరవాత డిస్కు తిరిగింది. కొద్దిగా తిరిగి, టిక్కుమని, ఆగిపోయింది. మళ్ళీ తిరిగి, మళ్ళీ ఆగింది. ఎస్తేరు వెంటనే కరెంటు తీసేసింది. "లోపల రేకు గీసుకుంటుంటే మోత వేరేగా ఉంటుంది. ఇది కరెంటు అందక ఆగిపోతుంది. చూద్దాం" అని, డిస్కును బోర్లా పెట్టి, నక్షత్రం మూతి స్క్రూలు విప్పి, అడుగున ఉన్న పచ్చ బోర్డును ఎత్తింది. బోర్డుకూ లోపలి మోటారుకూ మధ్య కలుపుగా చిన్న చిన్న బిళ్ళలుంటాయి. మెరవాల్సినవి మాడిన మెతుకుల్లా నల్లగా ఉన్నాయి. "ఇదిగో మీ ఇంటి ఉప్పు" అంది. అని, సొరుగులోంచి ఒక రబ్బరు తీసింది. పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే మామూలు రబ్బరు. దానితో ఒక్కో బిళ్ళనూ రుద్దింది. బళ్ళో నేను కొనకుండా పక్కవాళ్ళది అడుక్కుని గడిపిన వస్తువు అది. రుద్దిన చోట ఒక్కో బిళ్ళా తెల్లబడింది. స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి, బోర్డు బిగించి, మళ్ళీ కరెంటిచ్చింది. ఈసారి అది ఆగకుండా తిరిగింది. తెర మీద డిస్కు పేరు వచ్చింది.

"నాన్న అని ఫోల్డరు ఉంటదమ్మా. అదొక్కటి తెరువు" అని తొందరపడ్డాను.

"తెరవను" అంది. "ఇది ఇంకెంతసేపు తిరుగుద్దో దేవుడికే తెలియాలి. ముందు ఉన్నదున్నట్టు మొత్తం ఇంకో డిస్కులోకి దించుకుంటా. చూసుకునేది దాంట్లో చూసుకుందాం. చదవలేని చోట మొండికెయ్యకుండా వదిలేసి ముందుకు పోతది, మిగిలినదంతా వచ్చినాక వెనక్కొచ్చి దాన్ని బతిమాలుకుంటాం. మీరు పోయి భోంచెయ్యండి."

భోంచెయ్యలేదు. తెర మీద గీత మెల్లగా పాకుతుంటే ముందు కూర్చున్నాను. ఒడ్డున కూర్చుని వల వచ్చేదాకా చూడడం నాకు అలవాటైన పనే. చెప్పవలసింది ఇక్కడే చెప్పేస్తాను.

అలివి వల అంటే, ఒక చివర తాడు ఒడ్డునే ఉంటుంది. పడవ మిగతా వలను సముద్రంలో చుట్టి వదులుతూ పోయి, రెండో తాడును అల్లంత దూరాన ఒడ్డుకు చేరుస్తుంది. రెండు తాళ్ళకూ రెండు జట్లు. ఇద్దరూ ఒకే ఊపులో లాగాలి, లేకపోతే వల అడ్డం తిరిగి చేప జారిపోతుంది. ఆ ఊపు తప్పకుండా చూసేది పాట. నాన్న ఒక ముక్క అందిస్తే రెండు జట్లూ 'ఐలెస్సా' అని బదులిచ్చేవి. వల ఒడ్డెక్కే వేళకు పెద్దకాపు వచ్చేవాడు, అంటే మా పాలెం పెద్ద, శ్రీనివాసులుకు తాత. నల్ల గొడుగు, తెల్ల పంచె. తాడు ముట్టడు, నీళ్ళలో కాలు పెట్టడు, వాటా మాత్రం మొదట ఆయనకే తీయాలి. ఆయనకు పడవెక్కితే కడుపులో తిప్పుతుందని పాలెంలో అందరికీ తెలుసు. ఎవరూ అనరు. మా అమ్మ అంది, చేప చీలుస్తూ. నాన్న పాడాడు, గొడుగు ఇసక దిబ్బ ఎక్కుతున్నది చూసి.

గొడుగొచ్చె గొడుగొచ్చె – ఐలెస్సా
గొడుగు కింద సామొచ్చె – ఐలెస్సా
పడవెక్కితే కక్కంట – ఐలెస్సా
పంచేకాడ ముందంట – ఐలెస్సా

ఆ రోజు వల వచ్చినంత వేగంగా మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నవ్వుతూ లాగితే బరువు తెలియదు.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. మా పాలేల్లో తప్పు చేసినవాడి మీద పెద్దలు వేసే కట్టును దురాయి అంటారు. దురాయి వేయాలంటే ఒక పద్ధతి ఉంది, ఫిర్యాదు చేసినవాడు ఆ తప్పేమిటో సభలో అందరూ వినేలా చెప్పాలి. పెద్దకాపు లేచి, "ఈడు నన్ను అనరాని మాటన్నాడు" అన్నాడు.

"ఏ మాట సామీ?" అన్నాడు నాన్న, చేతులు కట్టుకుని, మహా వినయంగా.

"నీకు తెల్దా?"

"నేను రోజుకు వంద మాటలంటా సామీ. తమరు ఏదంటున్నారో."

పెద్దకాపు పక్కవాణ్ణి చెప్పమన్నాడు. వాడు, "గొడుగొచ్చె అన్నాడండీ" అని అక్కడ ఆగిపోయాడు. గొడుగు రావడం తప్పెలా అవుతుంది? తరవాతది చెప్పమంటే వాడికి దగ్గొచ్చింది. ఇంకొకడికి వినపడలేదట, అలల మోతట. ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ, "ఎవరో ఒకరు చెప్పండయ్యా, మేమూ వింటాం గదా" అంది. తువ్వాళ్ళు అందరి నోళ్ళలోకీ పోయాయి. చివరికి తప్పేమిటో ఎవరూ పలక్కుండానే కట్టు వేశారు. నాన్న తాడు దగ్గర పాట ఎత్తకూడదు, ఎత్తినా ఎవరూ బదులివ్వకూడదు.

మా నాన్న ఎదురు చెప్పలేదు. తెల్లారి తాడు పట్టుకున్నాడు. నోరు మూసుకుని, ముక్కుతో, అదే పాట ఊపు తీశాడు. మ్మ్ మ్మ్ మ్మ్. ఒక్క మాట లేదు. జట్లు రెండూ నోరు మూసుకునే మ్మ్ అని లాగాయి. మాటలు ఎవరికి వాళ్ళకి లోపల వినపడుతూనే ఉన్నాయి, గొడుగు కింది మనిషికి అందరికంటే గట్టిగా. "ఆపరా" అని ఆయన అరిస్తే, "పాట కాదు సామీ, గొంతు గరగర" అన్నాడు నాన్న. ఆ ఏడు చేపల కాలమంతా మా ఒడ్డు ముక్కుతోనే పాడింది. కట్టు ఎత్తేశామని ఎవరూ చెప్పలేదు, ఒకనాటి నుంచి మళ్ళీ నోళ్ళు తెరుచుకున్నాయి, అంతే. ఈ దేశంలో ఎవడైనా నన్ను నోరు మూసుకోమన్నప్పుడల్లా నేను మూసుకున్నది అలాగే.

ఎస్తేరు పిలిచింది. సాయంత్రమైంది. ఫోటోలు సగానికి సగం పోయాయి. మా పెళ్ళి ఫోటోలో రమణమ్మ వరకు వచ్చి, నేను ఉండాల్సిన చోట బూడిద రంగు పట్టీ ఉంది. తరవాత ఇంట్లో చూపిస్తే ఆమె ఇదే బాగుందంది, అది వేరే సంగతి. 'నాన్న' ఫోల్డరులో ఒక్క పాట ఫైలు మిగిలింది. ఎస్తేరు నొక్కింది.

ముందు కిర్రుకిర్రుమని మోత. డిస్కు చెడిందేమోనని ఎస్తేరు ముందుకు వంగింది. నాకు మాత్రం తెలుసు, అది మంచం కోడు. కూర్చుని పాడమంటే నాన్న పాడనన్నాడు. తాడు లేకుండా గొంతు లేవదన్నాడు. అందుకని మంచం కోడుకు తాడు కట్టి చేతికిచ్చి, ఫంక్షన్లకు తీసుకుపోయే మైకు ముందు పెట్టాను. అప్పటికి అమ్మ పోయి రెండేళ్ళు. ముసలి గొంతు, బొంగురు, మధ్యమధ్య ఎక్కడో ముక్కలు ఎగిరిపోతూ, అయినా ఆయనే. గొడుగు వచ్చింది, సామి వచ్చాడు, కక్కు వచ్చింది, వాటా వచ్చింది. పాడి ఆగి, రొప్పుతూ, "తరవాతది మర్చిపోయినారా. మీ అమ్మ ఉంటే అందించేది. కట్టిందే అది గదా" అన్నాడు. అక్కడ ఫైలు తెగిపోయింది.

ఎస్తేరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అప్పుడు నవ్వింది. "కక్కంట" అంది తనలో తను.

మర్నాడు హార్బరులో ఐసు గోడౌను పక్కన శ్రీనివాసులుకు ఫోను చెవిలో పెట్టి వినిపించాను. మొదటిసారి వాడికి నవ్వు తన్నుకొచ్చింది, అప్పటికప్పుడు మింగేశాడు. రెండోసారి నవ్వకుండా విన్నాడు.

"నిజమే అనా. ఒప్పుకుంటున్నా. నీ మాట తప్పు కాదు. కానీ అచ్చులో ఎట్టా ఏస్తాం? మా తాత, పెద్దాయన. అందరూ చదువుతారు. ఆ మహనీయుడు మాట తీసేసి, పాటలు పాడినాడని ఊరికే రాద్దాం."

"ఏ పాటలు?"

"ఏదో పాటలు."

"అయితే మా నాన్నను మొత్తంగా తీసెయ్."

"అట్టెట్టనా! ముందు పేజీల్లో ఫోటో గూడా పెట్టినాం, దండతో."

"ఫోటో ఇచ్చెయ్. దండ నువ్వే ఉంచుకో. మా అమ్మా నాన్నా ఇద్దరి పేర్లూ ఆ నాలుగు ముక్కలూ కలిపి ఎయ్యి, లేదా ఎవర్నీ ఎయ్యొద్దు."

వాడు చాలా బతిమాలాడు. నేను కదల్లేదు. పుస్తకం వచ్చింది, మంచి కాగితం, రంగుల అట్ట. అందులో మా నాన్న లేడు. మా వాళ్ళు కొందరు నాకు పొగరన్నారు, తండ్రికి వచ్చిన పేరును కాలదన్నానన్నారు. నేను ఆలోచించినకొద్దీ నాకు ఒకటే తోస్తుంది. ఆనాడు నోరు మూయించాలని ఆయన్ను పాటకు దూరం పెట్టారు. ఆయనకు కోపం రాలేదు, ముక్కుతో పాడాడు. ఎందుకంటే ఆ కట్టులో ఒక మర్యాద ఉంది, నీ మాటకు మేం భయపడ్డామని ఒప్పుకోవడం ఉంది. ఈనాటి వాళ్ళు ఎవర్నీ దూరం పెట్టరు. దగ్గరకు పిలిచి, దండేసి, ముందు వరసలో కూర్చోబెట్టి, నువ్వు అనని మాట నీ నోట్లో పెడతారు. దానికి ముక్కుతో కూడా జవాబు చెప్పలేం. ఆ కాలం మంచిదని నేను అనను. ఆకలి ఉండేది, గొడుగులుండేవి. కానీ వెక్కిరించినవాణ్ణి వెక్కిరించినవాడిగానే శిక్షించారు.

ఆవిష్కరణ సభ అయిన వారానికి శ్రీనివాసులు మా ఇంటికి వచ్చాడు. రమణమ్మ ఇచ్చిన టీ తాగాడు. ఐసు ధర గురించి మాట్లాడాడు. వెళ్ళబోతూ గడప దగ్గర గొంతు తగ్గించి, "అనా, ఆ పాట నా ఫోనుకు పంపు. ఎవరికీ చెప్పొద్దు. మా తాతను ఫోటోలో తప్ప నేను చూడలేదు. ఆయన్ని మనిషిగా చెప్పింది అదొక్కటే" అన్నాడు.

జాలేసింది. నిజంగానే వేసింది. పంపుదామని ఫోను చేతిలోకి కూడా తీసుకున్నాను. మళ్ళీ జేబులో పెట్టేశాను.

"పంపుతా శీనయ్యా. నువ్వు అధ్యక్షుడివి. రేపు కమిటీ మీటింగులో అందరి ముందూ లేచి, మా తాత మీద ఉండే పాట కావాలి, పంపమను. ఆ నిమిషమే పంపుతా" అన్నాను.

వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మీటింగు జరిగింది. వాడు అడగలేదు. వచ్చే నెల ఇంకోటి ఉంది, దానికీ వెళ్తాను, ముందు కుర్చీలోనే కూర్చుంటాను.